వైన్ వాసనల సైన్స్ నేర్చుకోవాలంటే ముందు పోపుల డబ్బా తీయండి

వైన్ వాసనల మీద రీసెర్చ్ పేపర్ తెరవగానే లినలూల్, సోటలాన్, రొటండోన్ అంటూ వాసన పదార్థాల పేర్లు వరసగా వచ్చి పడతాయి. ఫుడ్ టెక్నాలజీ చదివే పిల్లలు చాలామంది అక్కడే టెన్షన్ పడి మూసేస్తారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ పేర్లు బట్టీ పట్టొద్దు, ముందు ముక్కుకి అలవాటు చేయండి. దీనికి వైన్ సీసా అక్కర్లేదు, ఇంట్లో ద్రాక్ష పులియబెట్టాల్సిన పనీ లేదు (లైసెన్స్ లేకుండా అలా చేయడం మన దగ్గర నేరం కూడా). కావాల్సిన సరుకు చాలావరకు వంటింట్లోనే ఉంది.

ధనియాలు నలిపి చూడండి, ఆ తీపి పూల వాసన లినలూల్‌ది, మస్కట్ ద్రాక్ష వైన్లలో ఉండేది ఇదే. లవంగంలో యూజినాల్, కాల్చిన ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి దిగేదీ అదే. క్యాప్సికం కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన మెథాక్సీపైరజీన్లది, కాబెర్నే సావినియోన్ ద్రాక్షని సరిగ్గా పండకముందే కోస్తే వైన్‌లో ఇది పైకి తేలుతుంది, అందుకే గుత్తులకి ఎండ తగిలేలా ఆకులు తుంచుతారు. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్, పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేస్తుంది. మెంతులు నాకు అన్నిటికంటే ఇష్టం. మెంతుల్లో ఉండే సోటలానే ఏళ్ల తరబడి పీపాలో ఉంచే, ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు వాన్ జోన్ అనే పసుపు వైన్‌లో గొప్పగా అనిపిస్తుంది, అదే మామూలు తెల్ల వైన్‌లో కనిపిస్తే గాలి తగిలి పాడవుతోందని అర్థం.

మిరియాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో మిరియాల వాసన ఎక్కడిదో చాలాకాలం తెలియలేదు, 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అది రొటండోన్ పని అని తేల్చారు. రెడ్ వైన్ లీటరుకి 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పట్టేస్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అయితే ఆ శాస్త్రవేత్తలు పెట్టిన వాసన పరీక్షలో కూర్చున్నవాళ్లలో దాదాపు 20 శాతం మందికి అన్నిటికంటే ఎక్కువ మోతాదు ఇచ్చినా ఆ వాసనే తెలియలేదు. కాబట్టి పక్కవాళ్లకి తెలిసిన వాసన మీకు తెలియకపోతే కంగారు పడకండి, పుస్తకంలో రాసుకోండి, అదీ సమాచారమే.

ఇక పద్ధతి. ఖాళీ జామ్ సీసాలు వాసన పోయేలా కడిగి ఆరబెట్టి, లోపల ఏముందో కనపడకుండా పేపర్ చుట్టి, అడుగున నంబర్ రాయండి. దినుసులు అప్పటికప్పుడే దంచి వేసి మూత పెట్టండి, తర్వాత ఇంట్లో ఎవరినైనా సీసాలు అటూ ఇటూ మార్చమనండి. ఉదయం టిఫిన్‌కి ముందే కూర్చోండి. మన గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం పెట్టుకుంటే తేలిక వాసనలు గబగబా ఎగిరిపోతాయి. అగరొత్తులు, సెంటు, తలలో మల్లెపూలు ఆ గంటసేపు వద్దు. ముందురోజు రాత్రి గోంగూర పచ్చడి తిన్నా పర్లేదు కానీ అప్పుడే కారం తిని రాకండి, మిర్చి యార్డు దగ్గర ఉండేవాళ్లైతే సీజన్‌లో కిటికీలు మూసుకోండి. మిర్చి ఘాటు అసలు వాసనే కాదు, అది మంటని పసిగట్టే నరాలకి తగిలేది, కానీ అది తగిలాక సన్నటి వాసనల మీద ధ్యాస నిలవదు.

ప్రతి సీసానీ రెండుసార్లు చిన్నగా పీల్చి, తోచిన మొదటి మాట రాసేయండి. గట్టిగా పదేపదే పీలిస్తే ముక్కు ఆ వాసనకి అలవాటుపడి మొద్దుబారుతుంది. మధ్యలో కాఫీ గింజలు అక్కర్లేదు, మామూలు గాలి పీల్చుకుంటూ అర నిమిషం ఆగితే సరిపోతుంది. బాగా తెలిసిన వాసన అనిపించి కూడా పేరు నోటికి రాదు, ముఖ్యంగా ధనియాల దగ్గర. ఆ తడబాటు పోవడానికే ఈ సాధన అంతా.

బాగా మగ్గిన జామకాయ ముక్క తీసుకుని, ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. తీపి, కాస్త పులుపు, గింజల దగ్గర వగరు, అంతే. ఇప్పుడు ముక్కు వదలండి, జామ ఒక్కసారిగా వచ్చేస్తుంది. రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే వాసనే. జామలోని గంధకం ఉన్న వాసన పదార్థాలే సావినియోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లోనూ ఉంటాయి, ద్రాక్షలో వేరే పదార్థాలకి ముడిపడి వాసన లేకుండా ఉన్నవాటిని ఈస్ట్ విడదీస్తుంది.

కొంచెం చేయి తిరిగాక మూడు కప్పుల పరీక్ష పెట్టుకోండి. మూడింటిలోనూ నల్లద్రాక్ష రసం, ఒకదాంట్లో మాత్రం చెంచాడు లవంగాల నీళ్లు. కళ్లు మూసుకుని తేడా కప్పు పట్టుకోవాలి. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు కుదురుతుంది కాబట్టి 6 సార్లలో కనీసం 5 సరిగ్గా చెబితేనే లెక్క. ఆ తర్వాత లవంగాల నీళ్లని ప్రతిసారీ సగానికి పలచన చేస్తూ పోండి, తేడా తెలియడం ఆగిన చోటు దాదాపు మీ ముక్కు హద్దు. కళ్లు మూసుకోవడం మాత్రం మానొద్దు. 2001లో అచ్చైన ఒక పరిశోధనలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు.

ఇప్పుడు మొదట మూసేసిన ఆ రీసెర్చ్ పేపర్ తెరిచి నేరుగా పట్టికకి వెళ్లండి. పదార్థం ఎంత ఉందో, ముక్కు పట్టే కనీస మోతాదు ఎంతో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1 దాటితే అది వాసనలో పాలుపంచుకునే అవకాశం ఉంది. అవకాశమే సుమా, ఒక వాసన ఇంకోదాన్ని కప్పేయొచ్చు, విడివిడిగా తెలియనివి కలిస్తే తేలొచ్చు. అందుకే ల్యాబుల్లో అన్నీ కలిపి ఒక నమూనా చేసి, ఒక్కొక్కటి తీసేసి చూస్తారు. మీరూ ధనియాలు, లవంగం, మెంతులు కలిపి ఒక సీసా, మెంతులు లేకుండా ఇంకో సీసా పెట్టి, తేడా తెలుస్తుందేమో చూడండి.