కచేరీకి వెళ్ళే బేస్ గిటార్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలి

ఏ మండపానికి వెళ్ళినా సౌండ్ చెక్‌లో నేను మొదట వాయించేది ఒకే స్వరం. లావు తీగ మీద మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర పలికే జి. ఆ తీగ సెకనుకు 49 సార్లు కంపిస్తుంది. మన కరెంటు 50 సార్లు. ఎర్తింగ్ సరిగా లేని చోట స్పీకర్లలో గుయ్యిమని ఒక మోత ఉంటుంది కదా, ఆ మోతా ఈ స్వరమూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రెండూ కలిసినప్పుడు శబ్దం అలలా లేచి పడుతుంది, సెకనుకు ఒకటి రెండు సార్లు. ఆ అల వినబడిందంటే పాటల సంగతి తర్వాత, ముందు వైర్ల సంగతి చూస్తాను.

మాది గూడూరు. పద్దెనిమిదేళ్ళుగా చెన్నైలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలకూ హోటళ్ళ బ్యాండ్లకూ బేస్ వాయిస్తున్నాను. ఒకరోజు టీ నగర్‌లో తెలుగువారి పెళ్ళి రిసెప్షన్, మర్నాడు ఈస్ట్ కోస్ట్ రోడ్డులో రిసార్టు, ఆ తర్వాత అంబత్తూరులో ఏదో కంపెనీ వార్షికోత్సవం. ఈ ఏడాది మా అక్క కొడుకు బేస్ నేర్చుకోవడం మొదలుపెట్టి, "మామయ్యా, ఏ గిటార్ కొనమంటారు?" అని అడిగాడు. గిటార్ కంటే ముందు దాని వెంట ఉండవలసినవాటి గురించి వాడికి రెండు గంటలు చెప్పాను. వేదిక మీద నాకు ఎదురైన ఇబ్బందులన్నీ తీగకూ మిక్సర్‌కూ మధ్య ఉన్న దారిలోనే వచ్చాయి. చేతిలోని గిటార్ ఎంత ఖరీదైనదన్న దానితో వాటికి సంబంధం లేదు.

అందుకే వాడికి చెప్పిన మొదటి మాట, చేతిలో ఉన్న డబ్బులో ఐదో వంతు పక్కన పెట్టమని. అందులోంచి రెండు మంచి కేబుళ్ళు, ఒక డీఐ బాక్సు (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు సరిగా అందించే చిన్న పెట్టె), వెడల్పాటి పట్టీ, ఒక జత కొత్త తీగలు రావాలి. మిగిలినదానితో దొరికిన నాలుగు తీగల బేస్ చాలు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ కొలతే, అంటే 34 అంగుళాల తీగ నిడివే, ఇప్పటికీ ఎక్కువ గిటార్లకు ఉంది. ఫ్రెట్లు ఉంటే స్వరం కచ్చితంగా పలుకుతుందనే దానికి ఆ పేరు పెట్టారు. అణ్ణా సాలైలోని మ్యూజీ మ్యూజికల్ వంటి పాత దుకాణానికి వెళ్ళి నాలుగైదు గిటార్లు పట్టుకుని చూడండి. పట్టీ తగిలించుకుని పది నిమిషాలు నిలబడండి. ఆ పది నిమిషాలకే భుజం లాగితే మూడు గంటల రిసెప్షన్‌లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పాత గిటార్ కొంటున్నట్లయితే ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా వాయించండి. బద్ధకించవద్దు. ముఖ్యంగా సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ వరకు స్వరం ఎంతసేపు నిలుస్తుందో వినండి. చాలా బేస్‌లకు అక్కడ ఒక చోట స్వరం తొందరగా ఆరిపోతుంది. కొంచెమైతే సర్దుకోవచ్చు. నీళ్ళలో పడ్డ నిప్పులా చప్పున ఆరిపోతే మాత్రం ఆ గిటార్ వద్దు, దాన్ని ఏ రిపేరూ బాగు చేయదు.

ఇక సెటప్, అంటే మెడనూ తీగలనూ సర్దుకోవడం. చెన్నైలో బేస్ వాయించేవారు ఈ పని సొంతంగా నేర్చుకుని తీరాలి. ఇక్కడి గాలిలో తేమ కొయ్యను ఊరుకోనివ్వదు. సముద్రం పక్కన ఆరుబయట ఒక పూట, ఏసీ హాల్లో ఒక పూట, రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో ఒక పూట గడిపిన మెడ నిన్నటిలా ఉండదు. ఒక్కో మెడ ఒక్కోలా కదులుతుంది కాబట్టి నేను ఊహించను, కొలుస్తాను.

కొలవడం తేలిక. ముందు గిటార్‌ను మామూలు శ్రుతిలో పెట్టండి. ఎడమ చేతి వేలితో లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కండి. మెడ ఒంటికి అతుక్కునే చోట ఉన్న ఫ్రెట్ దగ్గర కుడిచేతి వేలితో నొక్కండి. ఇప్పుడు తీగ ఒక కొలబద్దలా తిన్నగా నిలుస్తుంది. ఏడో, ఎనిమిదో ఫ్రెట్ పైన తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత, సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే మెడ బాగున్నట్టే. సందు అంతకంటే ఎక్కువైతే మెడ తీగల లాగుడుకు ముందుకు వంగింది. మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, కుడివైపు, అంటే బిగించే వైపు, పావు చుట్టు తిప్పండి. సందే లేకపోతే, మొదటి ఫ్రెట్లలో తీగలు గరగరమంటుంటే, పావు చుట్టు వదులు చేయండి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారి తిప్పవద్దు. తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి, కాసేపు వదిలేసి, మళ్ళీ కొలవండి. నేనైతే రాత్రి తిప్పి ఉదయం కొలుస్తాను. గట్టిగా బిగుసుకున్న రాడ్‌ను బలవంతంగా తిప్పితే తెగుతుంది. అప్పుడు మెడే మార్చవలసి రావచ్చు. చేతికి లొంగకపోతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఎండాకాలంలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరులో ఒకసారి ఈ పని తప్పకుండా చేస్తాను. ఆ తర్వాతే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల ఎత్తు సర్దడం, చివరగా శ్రుతి నిడివి చూడడం. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా వేలు పెట్టి మీటినప్పుడు వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినది శ్రుతి ఎక్కువగా పలికితే శాడిల్‌ను (బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్కను) మెడకు దూరంగా జరపండి, తక్కువ పలికితే దగ్గరకు. వరుస మారిస్తే చేసిన పనే మళ్ళీ చేయవలసి వస్తుంది.

తీగల గురించి ఎక్కువ చెప్పను. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 45 నుంచి 105 మందం ఉన్న జత చాలామందికి సరిపోతుంది. ఇక్కడి చెమటకు తీగలు తొందరగా మొద్దుబారతాయి, వాయించిన వెంటనే పొడి గుడ్డతో తీగ అడుగున కూడా తుడిస్తే కొన్నాళ్ళు ఎక్కువ వస్తాయి. పాత పాటలు ఎక్కువగా వాయించేవారు నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి చూడండి, ఆ గుండ్రటి శబ్దం వేరే తీగలతో రాదు.

బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ బేస్ ఉన్నవారికి ఒక విన్నపం. నా మొదటి యాక్టివ్ బేస్‌తో ఒక రిసెప్షన్‌లో రెండో పాట చరణం మధ్యలో శబ్దం గరగరమని చీలి, సన్నబడి, ఆరిపోయింది. ముందురోజు రాత్రి సాధన చేసి కేబుల్ తీయకుండా పడుకున్నాను. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఆ రోజు కీబోర్డు వాయించే అన్న ఎడమచేత్తో బేస్ భాగం అందుకోబట్టి పాట నిలబడింది. అప్పటి నుంచి బ్యాటరీ మీద మార్కర్‌తో తేదీ రాస్తాను. మూడు నెలలు దాటితే బాగున్నా మార్చేస్తాను. తీసినది ఇంట్లో గోడ గడియారం పక్కన పెట్టుకున్న ట్యూనర్‌కు పనికివస్తుంది.

కేబుల్ గుచ్చే జాక్ చుట్టూ ఉన్న నట్టును నెలకొకసారి వేలితో కదిపి చూడండి. వదులుగా ఉంటే జాక్ లోపల తిరిగి తిరిగి వైరు తెగుతుంది. స్పానర్‌తో బిగించేటప్పుడు లోపలి భాగం తిరగకుండా పట్టుకోవాలి. కేబుల్‌ను నేరుగా జాక్‌లోకి గుచ్చకుండా, ముందు పట్టీకీ గిటార్‌కూ మధ్య నుంచి ఒకసారి దూర్చి తర్వాత గుచ్చండి. పెళ్ళి వేదికల మీద వీడియోవాళ్ళూ, పిల్లలూ, పూలదండలు మోసేవారూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఎవరైనా కేబుల్ మీద కాలు వేసినా లాగుడు పట్టీ మీద పడుతుంది, జాక్ క్షేమంగా ఉంటుంది. కేబుళ్ళు నేను సొంతంగానే చేసుకుంటాను. రిచీ స్ట్రీట్‌లో మీటర్ల లెక్కన మంచి షీల్డ్ వైరూ, ప్లగ్గులూ దొరుకుతాయి. సోల్డరింగ్ ఒక ఆదివారం కూర్చుంటే వచ్చే విద్య.

ఇప్పుడు మొదట చెప్పిన మోత దగ్గరకు వస్తాను. మోతలన్నీ ఒకటి కావు. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గే మోత పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని సంకేతంగా మార్చే భాగం) పట్టుకుంటున్నది. గిటార్ పట్టుకుని మెల్లగా పక్కకు తిరగండి, ఒక దిక్కున బాగా తగ్గుతుంది. వేదిక వెనుక ఎల్ఈడీ తెర ఉంటే దానికి దూరంగా నిలబడండి. జాజ్ బేస్ రకం గిటార్ అయితే రెండు వాల్యూములూ పూర్తిగా పెట్టండి, రెండు పికప్‌లూ ఒకదాని మోతను ఇంకొకటి కొట్టివేసేలా చుట్టి ఉంటాయి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి.

మోత పోవడానికి త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవారిని నా కళ్ళతో చూశాను. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. గ్రౌండ్ లిఫ్ట్ సౌండ్ కేబుల్‌లోని గ్రౌండును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది. పిన్ను విరిస్తే ప్రాణానికి ఉన్న అడ్డుగోడ పోయినట్టే. బేస్ వాయిస్తూ కోరస్ పాడేవారు తీగల మీద చేతులు పెట్టి మైకుకు పెదవి ఆనిస్తారు. రెండింటి ఎర్త్ రెండు చోట్ల నుంచి వస్తే, వాటి మధ్య ఉన్న వోల్టేజీ మనిషి ఒంట్లోంచి పోతుంది. నా సంచిలో ఎప్పుడూ ఒక మల్టీమీటర్ ఉంటుంది. ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక కడ్డీ గిటార్ బ్రిడ్జ్‌కూ ఇంకొకటి మైకు జల్లెడకూ ఆనిస్తాను. సున్నా దగ్గర ఉండాలి. ఒకసారి మహాబలిపురం దారిలో ఒక తోటలో 90 దాటి చూపించింది. జనరేటరుకు ఎర్త్ కడ్డీ పాతలేదు. అది పాతి, మళ్ళీ కొలిచేదాకా మేమెవరమూ వేదిక ఎక్కలేదు. కార్యక్రమం నలభై నిమిషాలు ఆలస్యమైంది, పెళ్ళివారు కోప్పడ్డారు. అయినా ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

డీఐ బాక్సు ఎందుకని చాలామంది అడుగుతారు. బ్యాటరీ లేని బేస్ నుంచి వచ్చేది బలహీనమైన సంకేతం. దాన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే పై శబ్దమంతా మింగేసి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. డీఐ బాక్సు దాన్ని సరిగా అందుకుని, దూరంలో ఉన్న మిక్సర్ దాకా మోత పట్టకుండా పంపిస్తుంది. బ్యాటరీ లేని బేస్‌కు యాక్టివ్ డీఐ తీసుకోండి. దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) కావాలి కాబట్టి సౌండ్ ఇంజనీరుకు ముందే చెప్పండి. ఆయన్ను పేరు అడిగి, నమస్కారం పెట్టి, చెప్పండి. ఆ సాయంత్రమంతా మన శబ్దం ఆయన చేతుల్లోనే ఉంటుంది.

యాంప్ (యాంప్లిఫయర్) సొంతంగా తీసుకువెళితే ఒక లెక్క గుర్తుంచుకోండి. 8 ఓముల స్పీకరు పెట్టెలు రెండు కలిపితే 4 ఓములు అవుతుంది. యాంప్ వెనుక కనీసం 4 అని రాసి ఉంటే మూడో పెట్టె కలపకూడదు. పెట్టెను గోడ మూలకు నెట్టవద్దు. మూలలో కింది స్వరాలు ఉబ్బిపోతాయి. లావు తీగ స్వరం ఒక అల నిడివే 8 మీటర్లకు పైన ఉంటుంది, కల్యాణ మండపాల నున్నటి గోడల మధ్య అది తిరిగి తిరిగి వచ్చి స్పష్టతను మింగేస్తుంది. టోన్ గుబ్బలన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. హాలు బొంగురుగా మోగితే 200, 300 హెర్ట్జ్‌ల మధ్య తగ్గించండి. వేళ్ళ కదలిక వినబడకపోతే 800 దగ్గర కొద్దిగా పెంచండి. బేస్ అడుగు శబ్దాన్ని పెంచాలని ప్రాణం కొట్టుకుంటుంది, నాకూ అంతే. కానీ ఖాళీ హాల్లో బాగున్న శబ్దం జనం నిండాక మారుతుంది కాబట్టి కాస్త ఆగి సర్దడమే మేలు.

చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చనీ, ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగమవుతుందనీ లెక్క. డ్రమ్స్ పక్కన 100 డెసిబెళ్ళంటే పావుగంటే.

ఆరుబయట లౌడ్ స్పీకర్లు రాత్రి పదింటికి ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం. సర్దుకోవడానికి ఆ తర్వాత తొందరేమీ ఉండదు. ముందు వాల్యూము తగ్గించి, యాంప్ ఆపి, తర్వాతే కేబుల్ లాగుతాను. తీగలు తుడుస్తాను. ఇంటికి చేరాక, ఎంత అలసిపోయినా, సంచి జిప్పు తెరిచి గిటార్‌ను బయటికి తీసి స్టాండు మీద పెడతాను. చెమట పట్టిన సంచిని ఫ్యాను కింద ఆరేస్తాను. మా అక్క కొడుకు ఇప్పుడు కేబుల్ తీశాడా లేదా అని నిద్రపోయే ముందు ఒకసారి లేచి చూసుకుంటున్నాడట.