బండి తనే బ్రేకు వేసినా కేసు మన మీదే: లారీ ఓనర్లు ముందే చేసుకోవాల్సిన పనులు

కొత్త లారీ చూడటానికి షోరూమ్‌కి వెళ్తే సేల్స్ అబ్బాయి అద్దం వెనక కెమెరా చూపించి, ఏదైనా అడ్డొస్తే బండి తనే ఆగిపోతుందండీ అంటాడు. ఆగుతుంది, నిజమే. మరి ఆగాల్సిన చోట ఆగకపోతే, అక్కర్లేని చోట ఆగి వెనకవాడు గుద్దేస్తే కేసు ఎవరి మీద? ఇది తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు.

1988 మోటారు వాహనాల చట్టం మొత్తం లైసెన్సు ఉన్న మనిషి బండి నడుపుతాడన్న లెక్క మీదే రాశారు. 2019 సవరణలో 2బి సెక్షన్ పెట్టి, కొత్త రకం బండ్ల పరిశోధన కోసం కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చన్నారు కానీ అది ప్రయోగాలకే, మన కిరాయి లోడుకు పనికిరాదు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్లు డ్రైవర్ లేని బస్సు తిప్పుతున్నారు, అదీ క్యాంపస్ లోపలే. మనం కొనేవన్నీ డ్రైవర్‌కి సాయం చేసే బండ్లు, కాబట్టి స్టీరింగ్ ముందున్న మనిషే బాధ్యుడు. నిర్లక్ష్యంతో ప్రాణం పోయిందని తేలితే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. బ్రిటన్ 2024లో చేసిన చట్టంలో, బండి తనంతట తాను నడిచే సమయంలో సీట్లో ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఇచ్చింది. అలాంటిది మనకు లేదు. అమెరికాలో 2018లో టెంపీ అనే ఊళ్లో తనే నడిచే ఉబర్ టెస్ట్ కారు గుద్ది ఒకామె చనిపోతే, కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, 2023లో శిక్ష పడింది సీట్లో కూర్చున్న ఆపరేటర్‌కి. మన డ్రైవర్‌కి ఈ సంగతి ముందే చెప్పాలి, అతనికి వచ్చే భాషలో రాసి ఇచ్చి సంతకం తీసుకోవాలి.

ఇక పనుల్లోకి వద్దాం. బండిలో ఏయే ఆటోమేటిక్ సిస్టమ్స్ ఉన్నాయో ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు కూడా మెయిల్‌లోనే తెప్పించుకోండి. లైసెన్సు లాంటి లోపం దొరికితే వాళ్లు బాధితులకు డబ్బు కట్టేసి, తర్వాత మన దగ్గర వసూలు చేసుకుంటారు. పాత బండికి బయట కిట్ బిగించేటప్పుడు, హెచ్చరించే కెమెరా అయితే ఒక లెక్క, బ్రేకునో స్టీరింగునో ముట్టుకునేదైతే ఇంకో లెక్క. రెండోదైతే మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించి చెప్పే 52వ సెక్షన్ గుర్తుపెట్టుకుని ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మన బండ్ల అద్దం మీద దేవుడి స్టిక్కర్, బంపరుకి నిమ్మకాయల దండ మామూలే కదా, అవి కెమెరాకీ రాడార్‌కీ అడ్డం లేకుండా పక్కకి కట్టించండి. రేపు ప్రమాదం జరిగితే తయారీ కంపెనీవాడు మొదట వెతికేది అదే.

అన్నిటికంటే ముఖ్యం రికార్డింగ్. మా బండి ఒకటి సూర్యాపేట దాటాక ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి తనే బ్రేకు వేసుకుంది, వెనక కారు వచ్చి గుద్దింది, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు లోడు దించాలన్న తొందరలో బండి తీసుకెళ్లిపోయాడు. మూడో రోజు నేను కెమెరా మెమరీ కార్డు తీసి చూస్తే పాత వీడియో చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కేసింది. తయారీ కంపెనీని అడిగితే తమ దగ్గర ఏ రికార్డూ లేదన్నారు. అందుకే చెప్తున్నా, ప్రమాదం జరిగిన వెంటనే కార్డు తీసి కవర్‌లో పెట్టి సీలు వేయండి, అదే రోజు తయారీ కంపెనీకి మెయిల్ పెట్టి బండి లాగ్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన వివరాలు, భద్రపరచమనండి. కోర్టులో వీడియో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది వకీలు చేయిస్తారు.

లోపం బండిదే అయితే వినియోగదారుల ఫోరానికి వెళ్దామనుకుంటారు చాలామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందకి రారు, సొంతంగా నడుపుకుని బతికే ఒక్క బండి ఓనర్‌కైతే వెసులుబాటు ఉంది. నాలుగైదు బండ్లు ఉన్నవాళ్లు కొనేటప్పుడే లాగ్ ఎన్ని రోజుల్లో ఇస్తారో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ బాధ్యత ఎవరిదో ఆర్డర్ కాగితంలో రాయించుకోవాలి.

ఇంకొకటి, దీన్ని మాత్రం దయచేసి వదిలేయకండి. కెమెరా ఉంది కదా అని డ్రైవర్ చేత ఇంకో ట్రిప్పు వేయించొద్దు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే అనేది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా 8 గంటలే అంటోంది. నిద్రమత్తులో జరిగిన ప్రమాదమైతే అదే కెమెరా టైముతో సహా మన మీద సాక్ష్యం చెబుతుంది.