పక్కింటి వాన నీళ్ళు మన వాకిట్లోకి వస్తుంటే కాలువ ఎలా వేయాలి?

హైదరాబాద్ గుట్టలు, బండల మీద పెరిగిన ఊరు. ఏ కాలనీ చూసినా ఒకరిల్లు ఎగువన, పక్కిల్లు దిగువన ఉంటుంది. దిగువన ఉన్నవాళ్ళు చేసే మొదటి పని ప్రహరీ మీద రెండు వరసల ఇటుక పేర్పించడం. దయచేసి ఆ పని చేయకండి. గోడ వెనక నిలిచిన నీళ్ళు పునాది కింద నుంచి మీ వైపే వస్తాయి. నాలుగు పెద్ద వానలు పడితే గోడే ఒరుగుతుంది. ఆ ఇటుకల డబ్బుతో రోడ్డు దాకా కాలువ వేసుకోండి.

ముందు వాన పడుతుండగా గొడుగేసుకుని నిలబడి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఎగువ నేల మీద పడి సహజంగా కిందికి పారే నీళ్ళను దిగువవాళ్ళు పారనివ్వాల్సిందే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టమే ఆ మాట చెబుతుంది. డాబా నీళ్ళన్నీ ఒక పైపులోకి పట్టి మీ గోడ మీదికి వదలడం మాత్రం సహజంగా పారడం కాదు. 200 గజాల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 8 వేల లీటర్లు దాటతాయి. అదంతా ఒకే చోట పడితే ఏ కాలువా తట్టుకోదు.

కాబట్టి పైపు ఉంటే మొదట దాన్ని తిప్పించాలి. వాన పడే రోజున, కోపంలో వెళ్ళకండి. ఎండ కాసిన రోజు వెళ్ళి "అన్నా, మీ డాబా పైపు మా గోడ మీద పడుతోంది, ప్లంబర్‌ను నేనే పిలుస్తా, మీ వైపు రోడ్డుకు తిప్పుదాం" అనండి. ఖర్చు మీరే పెట్టుకోండి. ఒక ఎల్బో (పైపు వంపు ముక్క), రెండు పైపుల ఖర్చుకు ఏళ్ళ తరబడి మాటలు మానేయడం దండగ.

ఇక కాలువ. ఇటుక, సిమెంటు, ఇసుక, పైన పరచడానికి షాబాద్ బండలు, ట్యూబ్ లెవెల్ (నీళ్ళు నింపి రెండు చోట్ల మట్టం సరిచూసే గొట్టం), ఒక మంచి మేస్త్రీ చాలు. పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. ప్రహరీకి ఒక అడుగు ఎడం వదిలి, దాని పునాది కంటే లోతుకు పోకుండా తవ్వించండి. వెడల్పు 9 అంగుళాలు ఉంటే చీపురు దూరుతుంది. పైపు పూడ్చేస్తే నీటుగా ఉంటుందని చాలామంది అంటారు. పూడ్చిన పైపులో మట్టి పేరుకుంటే తవ్వేదాకా తెలియదు. బండ ఎత్తితే కనిపించే కాలువే వేయాలి, ఇందులో రెండో మాట లేదు.

పని చెడేదంతా వాటం, అంటే నీళ్ళు పారే వాలు దగ్గరే. మేస్త్రీలు ఇంటి వెనక మొదలుపెట్టి కంటి అంచనాతో ముందుకు వస్తారు. రోడ్డు దగ్గరికొచ్చేసరికి కాలువ అడుగు రోడ్డు కంటే కిందికి దిగిపోతుంది. రోడ్డు నీళ్ళే మీ ఇంట్లోకి ఎదురొస్తాయి. అందుకే కొలత రోడ్డు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. కాలువ అడుగు రోడ్డు కంటే కనీసం 2 అంగుళాలు పైన ఉండాలి. సీసీ రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేసే ఊరు మనది కాబట్టి 4 ఉంటే ఇంకా మంచిది.

వాటం నూటికి ఒకటి పెట్టండి. అంటే 40 అడుగుల కాలువకు దాదాపు 5 అంగుళాల తేడా, నాలుగడుగులకు అర అంగుళం. ట్యూబ్‌లో బుడగ లేకుండా నీళ్ళు నింపండి. రెండు చివరలూ తెరిచి పట్టుకోండి, ఒక చివర వేలు మూసి ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. నీళ్ళు కదలడం ఆగాకే గోడ మీద రెండు చోట్లా గీత పెట్టి దారం లాగండి. రోడ్డు నుంచి వెనక్కి వెళ్తూ, ఆ దారం నుంచి కిందికి టేపుతో కొలుస్తూ, ప్రతి నాలుగడుగులకూ ఆ లోతు అర అంగుళం తగ్గిస్తూ గుర్తులు పెట్టండి. ఈ పని మీరే దగ్గరుండి చూడాలి, టీ తాగడానికి కూడా వెళ్ళొద్దు.

కాలువ అడుగున వేసే బెడ్డుకు వాటం సరిగ్గా వచ్చినా, పైన సిమెంటు పూసేటప్పుడు నున్నగా రావాలని మొత్తం సమం చేసేస్తారు. అప్పటిదాకా పడ్డ కష్టం అక్కడితో పోతుంది. పూత అయ్యాక, ఆరకముందే మళ్ళీ టేపు పెట్టండి. ఆరాక వెనక మూలన నాలుగు బకెట్లు పోసి చూడండి. ఎక్కడైనా నీళ్ళు నిలిస్తే ఆ ముక్క చెక్కించి మళ్ళీ పూయించండి, "వానకు అదే సర్దుకుంటది సార్" అంటే వినకండి. బండలు పరచాల్సింది ఆ తర్వాతే.

మీ వాకిలి రోడ్డు కంటే బాగా కిందికి ఉంటే వాటం రాదు. అప్పుడు పల్లంలో ఇంకుడు గుంత తవ్వించాలి, ఇంటి పునాదికి దూరంగా. మూడడుగులకే బండ తగిలితే మాత్రం గుంత నీళ్ళు తాగదు. సంపులాంటి గొయ్యి కట్టి మోటారు పెట్టుకోక తప్పదు.

కాలువ చివరను వాన నీటి మోరీకి కలపండి, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు కాదు. ఆ లైను మరుగుదొడ్డి నీళ్ళ కోసం వేసింది. వాన నీళ్ళు ఎక్కువైతే పొంగి దిగువ ఇళ్ళ బాత్‌రూముల్లోకి వస్తుంది, వాటిలో మీదీ ఒకటి కావచ్చు. చివర ఇనుప జాలీ బిగించి, జూన్ మొదటి వానకు ముందు ఒకసారి, దసరా దాటాక ఒకసారి ఆకులు తీయించండి.