పక్షి ఫొటో బాగా రావడం లేదా? టెలీ లెన్స్ కొనేముందు ఇవి చూసుకోండి

పక్షి మరీ చిన్నగా పడుతోంది

ఏ పక్షిని, ఎక్కడ తీస్తున్నారన్నది ముందు తేల్చుకోండి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఒడ్డు నుంచి బాగా కనిపించే చెట్ల మీదే గూళ్లు కడతాయి. పెద్ద పక్షులు కాబట్టి అక్కడికి 70-300 ఎంఎం లెన్స్ చాలు. కృష్ణ ఒడ్డున లకుముకి పిట్ట, కొల్లేరులో దూరంగా తేలే బాతులు కావాలంటే మాత్రం పొడవైన లెన్స్ తప్పదు.

300 నుంచి 400 ఎంఎంకి మారితే పక్షి పొడవు మూడో వంతే పెరుగుతుంది. నన్నడిగితే ఆ తేడా కోసం అంత డబ్బు దండగ. అదే 300 నుంచి 600కి వెళ్తే పొడవు రెండింతలు, ఫ్రేమ్‌లో ఆక్రమించే చోటు నాలుగింతలు.

పెద్దగానే వచ్చింది, కానీ మెత్తగా ఉంది

ఎక్కువమంది లెన్స్‌ను తిట్టేది ఇక్కడే. చాలాసార్లు తప్పు దానిది కాదు. మన ఎండకు పొద్దెక్కాక పొలాల మీద, తారురోడ్డు మీద సెగ లేచి గాలి వణుకుతుంది. దాని వెనకున్న పక్షిని ఎంత ఖరీదైన లెన్స్ అయినా స్పష్టంగా తీయలేదు. తెల్లవారగానే వెళ్లండి, లేదా పక్షికి దగ్గరవ్వండి.

ఏసీ కారు దిగగానే తీస్తే లెన్స్ ముందరి గాజు మీద ఆవిరి పడుతుంది. చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపేయండి. చవక యూవీ ఫిల్టర్ ఉంటే ఊడదీయండి.

అప్పటికీ అనుమానంగా ఉంటే ఉదయంపూట ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి గోడ పోస్టర్‌ను తీయండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) అక్షరాలు స్పష్టంగా వచ్చి, వ్యూఫైండర్‌తో మెత్తగా వస్తే కెమెరా మెనూలో ఫోకస్ ఫైన్ ట్యూన్ (ఫోకస్ తేడాను సరిదిద్దే సెట్టింగ్) చేసుకోవాలి. రెండింట్లోనూ మెత్తగా ఉంటేనే లెన్స్‌ను సర్వీసుకివ్వండి.

ఎగిరే పక్షి చెదిరిపోతోంది

స్టెబిలైజర్ మన చేతి వణుకునే ఆపుతుంది, రెక్కల కదలికను కాదు. షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి. ఫొటోలో కాస్త నాయిజ్ (చుక్కచుక్కల గరుకు) వచ్చినా ఫర్వాలేదు.

ఫోకస్ అటూ ఇటూ వెతుకుతోంది

లెన్స్ మీద లిమిటర్ స్విచ్ (ఫోకస్ వెతికే పరిధిని తగ్గించేది) ఉంటే దూరానికి మార్చండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎఫ్ 6.3 లెన్స్‌కు 1.4 రెట్ల కన్వర్టర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి పక్షిని పెద్దది చేసేది) తగిలిస్తే అది ఎఫ్ 9 అవుతుంది. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఎఫ్ 8 దాటితే ఫోకస్ తడుముకుంటాయి. కన్వర్టర్ తీసేసి క్రాప్ చేసుకోవడమే మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇంకో మాట. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు. బాడీలోని మోటారు మీదే ఆధారపడే పాత ఏఎఫ్-డీ రకం లెన్స్ ఎంత చవకగా దొరికినా వాటిమీద ఆటోఫోకస్ రాదు.

చేతులు లాగేస్తున్నాయి

సిగ్మా 150-600 కాంటెంపరరీ దాదాపు 2 కిలోలు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) లేకుండా గంటసేపు మోయడం కష్టం. కెనాన్ మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకు ఆర్‌ఎఫ్ 100-400 కేవలం 635 గ్రాములే, కానీ 400 దగ్గర ఎఫ్ 8. మబ్బు రోజున ఐఎస్‌ఓ బాగా పెరుగుతుంది. ఒకరోజు అద్దెకు తెచ్చుకుని, ఎండ రాకముందు తీసి చూశాకే కొనండి.