హిస్టరీ ఆప్షనల్ వాళ్ళకి: అమెరికాలో వలసలు, ఫ్యాక్టరీలు, సంస్కరణలు కలిపి చదవడం ఎలా

సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు రెండో పేపర్లో ఇంగ్లండ్ పారిశ్రామిక విప్లవం దాకా బాగానే లాక్కొస్తారు, అమెరికా దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. గుంటూరు అరండల్‌పేట స్టడీ హాళ్ళలో చేతులు మారే జిరాక్స్ నోట్స్ తిరగేయండి, వలసలు ఒకచోట, రైళ్ళూ ఉక్కూ ఇంకోచోట, సంస్కరణలు ఎక్కడో చివర్న. దేని దారి దానిదే. అలా బట్టీ కొడితే తేదీలు గుర్తుంటాయి కానీ ఏది ఎందుకు జరిగిందో రాయమంటే పెన్ను కదలదు. అందుకని ఒక్క సంఘటన పట్టుకుని మొదలెట్టండి, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

నా ఓటు ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదానికి. న్యూయార్క్, 1911 మార్చి 25, శనివారం సాయంత్రం, సరిగ్గా పని దిగే వేళ. పదంతస్తుల బిల్డింగులో పై మూడంతస్తుల్లో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీ (వాళ్ళ లెక్కలో గ్రౌండ్ ఫ్లోరే ఒకటో అంతస్తు, గుర్తుపెట్టుకోండి). ఎనిమిదో అంతస్తులో గుడ్డపీలికలకి నిప్పంటుకుంది. పదో అంతస్తులో ఉన్న ఆఫీసుకి ఫోన్ వెళ్ళింది, యజమానులు పైకప్పు మీదుగా బయటపడ్డారు. మధ్యలో తొమ్మిదో అంతస్తులో మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళకి మాత్రం మంటలు కళ్ళపడేదాకా సంగతే తెలియదు. ఒకవైపు తలుపుకి తాళం, బయటి ఇనుప మెట్లు జనం బరువుకి కూలిపోయాయి, ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. 146 మంది చనిపోయారు, వాళ్ళలో 123 మంది ఆడవాళ్ళు. బిల్డింగు మాత్రం నిలబడింది, ఇప్పటికీ ఉంది, గూగుల్ మ్యాప్స్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పక్కన చూడొచ్చు.

ఇప్పుడు దీని మీద ప్రశ్నలు వేసుకుంటూ పోండి. ముందు, ఈ అమ్మాయిలు ఎవరు? ఎక్కువమంది ఇటలీ నుంచి, రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, చాలామందికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఎందుకొచ్చారు అని అడిగితే రష్యాలో యూదుల మీద దాడులు, దక్షిణ ఇటలీలో పేదరికం, ఆవిరి ఓడలతో తగ్గిన ప్రయాణం, అన్నీ వరసగా వస్తాయి. వలసవాళ్ళని తనిఖీ చేసే న్యూయార్క్ రేవు కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌ని 1892 జనవరి 1న తెరిచారు, 1954లో మూసేసేలోపు దాదాపు 1.2 కోట్ల మంది దాని గుండానే వెళ్ళారు. అంతకుముందు వచ్చిన ఐరిష్, జర్మన్ వాళ్ళకీ వీళ్ళకీ ఉన్న తేడా ఒక పేరాలో రాసిపెట్టుకోండి, ‘కొత్త వలస’ అనే మాట అక్కడే అర్థమవుతుంది.

తలుపుకి తాళం ఎందుకు? గుడ్డముక్కలు దొంగతనంగా పట్టుకుపోతారని అనుమానం, అందుకే పోయేటప్పుడు ఒక్క తలుపు దగ్గరే సంచులు వెతికేవాళ్ళు. యూనియన్ వాళ్ళని దూరం పెట్టడానికి కూడా అంటారు. 1909లో ఇదే రంగంలో దాదాపు ఇరవై వేలమంది సమ్మె చేశారు, చాలా కంపెనీలు యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాయి, ఈ కంపెనీ మాత్రం చేసుకోలేదు. ఇక్కణ్ణించి కార్నెగీ ఉక్కు ఫ్యాక్టరీలో 1892 హోమ్‌స్టెడ్ సమ్మె, రైలు పెట్టెలు చేసే కంపెనీలో 1894 పుల్‌మన్ సమ్మె, అన్నిటిలో అదే గొడవ కనిపిస్తుంది: ఫ్యాక్టరీలో మాట ఎవరిది చెల్లాలి?

తర్వాత ఏమైంది? ఇక్కడ కాస్త ఆగండి, మార్కులన్నీ ఇక్కడే. యజమానులిద్దరినీ కోర్టు అదే ఏడాది డిసెంబరులో వదిలేసింది, తాళం సంగతి వాళ్ళకి తెలుసని రుజువు కాలేదంటూ. కానీ న్యూయార్క్ రాష్ట్రం ఒక విచారణ కమిషన్ వేసింది, రాబర్ట్ వాగ్నర్ ఛైర్మన్, ఆల్ స్మిత్ వైస్ ఛైర్మన్. కొన్నేళ్ళలోనే ముప్పైకి పైగా చట్టాలొచ్చాయి. ఆ మంటల్ని రోడ్డు మీద నిలబడి చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1933లో కార్మిక శాఖ మంత్రి అయింది, అమెరికా క్యాబినెట్‌లో తొలి మహిళ ఆవిడే. వాగ్నర్ పేరు 1935 కార్మిక చట్టంలో మళ్ళీ తగులుతుంది. అంటే న్యూ డీల్ (1930ల మాంద్యంలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన సంస్కరణలు) వేళ్ళు ఎక్కడున్నాయో చెప్పడానికి మీ చేతిలో మనుషులున్నారు, ఉత్త సిద్ధాంతం కాదు.

ఇది అయ్యాక ఒక ఏ3 కాగితం మీద వలసలు, ఫ్యాక్టరీలు, సంస్కరణలు అని మూడు గళ్ళు గీసి, ఏడాది పక్కన ఏడాది నింపండి. 1882 దగ్గర చైనీయుల్ని ఆపేసిన చట్టం ఒక గడిలో, స్టాండర్డ్ ఆయిల్ ట్రస్ట్ (రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీల కూటమి) పక్క గడిలో. 1886లో షికాగో హేమార్కెట్ (కార్మికుల సభలో బాంబు పేలుడు), లిబర్టీ విగ్రహం, ఏఎఫ్ఎల్ (కార్మిక సంఘాల సమాఖ్య) పుట్టుక. 1892లో ఎల్లిస్ ఐలండ్, హోమ్‌స్టెడ్. 1911లో మన అగ్నిప్రమాదం, అదే ఏడాది సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ని ముక్కలు చేయమనడం. అధ్యక్షుల పేర్ల లిస్టు పక్కన పడేయండి, థియోడర్ రూజ్‌వెల్ట్, విల్సన్ చాలు.

చదివి చదివి బుర్ర వేడెక్కితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో లూయిస్ హైన్ తీసిన బాలకార్మికుల ఫొటోలు చూడండి, ఫ్రీగానే ఉంటాయి. నార్త్ కరోలినాలో విట్నెల్ అనే ఊళ్ళో 1908లో తీసిన ఫొటోలో ఒక పాప నూలు మిల్లులో మిషన్ల పక్కన నిలబడి ఉంటుంది. ఎత్తు 51 అంగుళాలనీ, రోజు కూలి 48 సెంట్లనీ, ఒక్కోసారి రాత్రిపూట కూడా పని చేస్తుందనీ హైన్ కింద రాసిపెట్టాడు. వయసెంత అంటే ముందు గుర్తులేదంది, తర్వాత మెల్లగా, పనిలో చేరే వయసు ఇంకా రాలేదు గానీ చేస్తున్నానని చెప్పిందట. మన గుంటూరు చుట్టుపక్కల నూలు మిల్లులు చూసినవాళ్ళకి ఆ వరసలు కొత్తగా అనిపించవు. బాలకార్మికుల మీద 1916లో కేంద్ర చట్టం తెచ్చారు, 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఈ రెండూ పక్కపక్కనే రాయండి.

ఒక జాగ్రత్త. సంస్కర్తలందరూ దేవుళ్ళని రాసేయకండి. జేన్ ఆడమ్స్ 1889లో షికాగోలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం పెట్టి వలసవాళ్ళ మధ్యే బతికింది నిజమే, కానీ మద్యనిషేధం వెనక వలసవాళ్ళ మీద చిన్నచూపూ ఉంది, వలసల్ని తగ్గించడానికి పెట్టిన 1917 అక్షరాస్యత పరీక్షకీ 1924 దేశాలవారీ కోటాలకీ సంస్కరణవాదుల్లో కొందరు చేయి కలిపారు. ఆ 1917 చట్టమే మన ఇండియా వాళ్ళకీ తలుపు మూసింది, 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వేసుకున్న పౌరసత్వం కేసులో సుప్రీంకోర్టు పౌరసత్వం కూడా కుదరదంది. బ్రిటిష్ పాలన మీద పోరాడాలని అమెరికాలోని భారతీయులు పెట్టిన గదర్ పార్టీలో పనిచేసిన మన దర్శి చెంచయ్య లాంటివాళ్ళు ఉన్న అమెరికా ఈ కాలానిదే. తలుపు బార్లా తెరుచుకున్నది 1965 చట్టంతో. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళి స్థిరపడ్డ డాక్టర్లు మీ వీధిలో ఎవరింటికో చుట్టాలై ఉంటారు కదా, వాళ్ళెప్పుడు వెళ్ళారో అడిగితే 1965 అనే అంకె ఇక మర్చిపోరు.

పుస్తకాలకి డబ్బు తగలేయొద్దు, ఆదివారం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు గాలిస్తే అమెరికా చరిత్ర మీద ఏదో ఒకటి దొరుకుతుంది. కాగితం నిండాక, అమెరికాలో సంస్కరణలు దయతో వచ్చాయా, భయంతో వచ్చాయా అని మీకు మీరే ప్రశ్న వేసుకుని 250 మాటల్లో జవాబు రాసి, అందులో మూడు గళ్ళనుంచీ కనీసం ఒక్కొక్క సంఘటన పడిందో లేదో చూసుకోండి. పడకపోతే మళ్ళీ రాయండి.