మొదటి బోల్టు విప్పే ముందు: కారు ఇంజన్ మనమే మార్చుకోవచ్చా?

దసరా సెలవులు దగ్గరపడితే విజయనగరంలో నన్ను ఎవరో ఒకరు అడిగే మాట ఇది. “ఇంజన్ బోరుకొచ్చింది గురూ, లోపల సిలిండర్లు అరిగిపోయాయి. షెడ్డులో చెప్పిన లెక్క వింటే కళ్లు తిరిగాయి. ఓ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ తెచ్చి సెలవుల్లో మనమే ఎక్కించేద్దామా?” వీడియోల్లో చూస్తే అరగంట పని. నేను ఒకసారి చేశాను. రెండు ఆదివారాలు అనుకున్న మారుతి 800 పని పదకొండు ఆదివారాలు తిన్నది. అందులో మూడు నా తప్పే. క్లచ్ ప్లేటు తిరగేసి బిగించి, గేర్‌బాక్స్ మళ్లీ దించాను. అందుకే ఎవరడిగినా వద్దని అనను, ఊఁ అని కూడా అనను. ముందు కొన్ని విషయాలు అడుగుతాను.

మొదటిది పనికి సంబంధించిందే కాదు. ఇంట్లో ఇంకో బండి ఉందా? ఈ కారు మూడు నెలలు కదలకపోయినా ఇల్లు గడుస్తుందా? పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే కారు అదొక్కటే అయితే ఇక్కడితో ఆగిపోండి, షెడ్డుకే ఇవ్వండి. సొంతంగా మొదలుపెట్టిన ఇంజన్ పనులు చేతకాక ఆగినవాటికంటే తీరిక లేక ఆగినవే నేను ఎక్కువ చూశాను. బానెట్ లేని కారు, అటకమీద ఇంజన్ సామాను, డబ్బాలో ఎక్కడివో తెలియని బోల్టులు. తర్వాత ఏ మెకానిక్కూ అలాంటి కారు ముట్టుకోడు. ముట్టుకున్నా రెట్టింపు అడుగుతాడు, అడగడం న్యాయమే. మా వీధి చివర పాత మేస్త్రీ మాట ఒకటుంది: “ఇప్పడానికేటి బాబూ, ఎవుడైనా ఇప్పేస్తాడు. బిగించినప్పుడు తెలుస్తాది.”

రెండోది కాలం. సెలవులున్నాయని దసరాకి మొదలుపెట్టడం మన జిల్లాల్లో అన్నిటికంటే చెడ్డ ఆలోచన. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఇంజన్ లేని కారును నీళ్లొస్తున్నాయని మెరకకు నడిపించలేం. ఎత్తిపెట్టిన కారును ఆ గాలిలో దించడమూ కష్టమే. టార్పాలిన్ కప్పినా తెరిచి ఉన్న సిలిండర్లకు ఒక్క రాత్రి తేమ చాలు, తుప్పు పడుతుంది. పైగా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో సాయం పట్టేవాడూ దొరకడు, లేతు షాపువాడూ దొరకడు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందు ముగించేలా చూసుకోండి.

మూడో ప్రశ్న దగ్గర చాలామంది చిరాకు పడతారు: పాత ఇంజన్ ఎందుకు పోయింది? “పాతదైపోయింది” అనేది జవాబు కాదు. మన దగ్గర నేను ఎక్కువగా చూసిన కారణం రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. ఉప్పు పేరుకుని, లోపల తుప్పు పట్టి, ఇంజన్ వేడెక్కి, హెడ్ (సిలిండర్ల పైమూత) వంగి, దాని కింది గ్యాస్కెట్ పోతుంది. అదే రేడియేటర్, అదే పనిచేయని ఫ్యాన్ ఉంచి కొత్త ఇంజన్ ఎక్కిస్తే అదీ అదే దారిన పోతుంది. ఇంకో కారణం వాన నీళ్లు. మునిగిన రోడ్డు మీద ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్లోకి వెళ్తాయి. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. కంగారులో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. (ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోకపోతే మామూలు పాలసీల్లో ఈ నష్టం సాధారణంగా రాదు.) కారణం తేలాక ఒక్కోసారి ఇంజన్ మార్చాల్సిన పనే ఉండదు. హెడ్ దించి లేతులో చదును చేయించి, గ్యాస్కెట్ వేస్తే సరిపోతుంది. నీలం పొగ వస్తోందని ఇంజన్ మార్చబోయిన ఒకాయనకు చివరికి వాల్వ్ సీల్స్ మారిస్తేనే ఆ పొగ పోయింది.

ఇవన్నీ చూశాక కూడా చేద్దామనుకుంటే, ఏ ఇంజన్ తెస్తారన్నది తేల్చుకోండి. అదే కారుది, అదే మోడల్‌ది, వీలైతే అదే ఏడాదిది. అంతకుమించి ప్రయోగాలు మొదటిసారి వద్దు. “796 సీసీనే కదా, ఆమ్నీది తెచ్చేద్దాం” అంటారు. ఆమ్నీలో ఇంజన్ నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. సీసీ ఒకటే అయినంత మాత్రాన మౌంటింగులూ గేర్‌బాక్సూ కలవవు. డీజిల్‌లో ఇంకా మోసపోతాం. స్విఫ్ట్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో అన్నిట్లోనూ ఒకప్పుడు వచ్చింది ఆ 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజనే. కానీ వైరింగ్ వేరు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) వేరు, తాళంలో చిప్‌తో మాట్లాడే ఇమ్మొబిలైజర్ వేరు. ఇంజన్ ఎలాగో కూర్చున్నా, స్టార్ట్ మాత్రం అవదు. పాత కార్బురేటర్ బళ్లకు ఈ బాధ లేదు గానీ, సెన్సార్లున్న ఏ కారైనా మీ ఈసీయూ, మీ వైరింగ్ అలాగే ఉంచి ఇంజన్ దిమ్మె ఒక్కటే మార్చుకునేలా చూసుకోవాలి.

గాజువాక ఆటోనగర్ వైపో, ఇంకెక్కడో పాత ఇంజన్ చూడటానికి వెళ్తే చేత్తో ఓ పెద్ద స్పానర్ పట్టుకెళ్లండి. క్రాంక్ పుల్లీ (ఇంజన్ చివర బెల్టు తిరిగే కింది చక్రం) బోల్టుకు వేసి రెండు చుట్లు పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడా తగిలి ఆగకూడదు. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపల మజ్జిగలాంటి తెల్లటి జిగురుంటే ఆయిల్లో నీళ్లు కలిసినట్టే. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో కొలిచేది) ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. చాలా పెట్రోల్ ఇంజన్లకు సిలిండర్‌కు సుమారు 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పైన ఉండాలి. అంతకంటే ముఖ్యం, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా పెద్దగా ఉండకూడదు. ఒకటి 170, ఇంకోటి 110 చూపిస్తే ఎంత చవకైనా తిరిగి వచ్చేయండి.

కాగితాల సంగతి చాలామంది చివర్న చూసుకుందామంటారు. కాదు, డబ్బు ఇవ్వకముందే చూడాలి. ఆర్సీలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరూ ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఉంటుంది. ఇంజన్ మారితే ఆ నంబరు మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. అందుకని శ్రీకాకుళం ఏపీ 30 బండైనా, విజయనగరం ఏపీ 35 బండైనా, ముందుగా మీ ఆర్టీవో ఆఫీసుకెళ్లి అదే రకం ఇంజన్ వేస్తున్నామని చెప్పి, ఏ కాగితాలు కావాలో రాయించుకు రండి. తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టర్ బండి చూసి నంబరు సరిపోల్చుకుంటారు. ఇంజన్ అమ్మినవాడి దగ్గర బిల్లు, అది ఏ కారులోంచి వచ్చిందో దాని ఆర్సీ నకలు తప్పనిసరి. నంబరు గీకేసి ఉన్నా, గ్రైండర్ పెట్టిన గుర్తు కనిపించినా ఆ ఇంజన్ దొంగ బండిది కావచ్చు. దాన్ని ముట్టుకోవద్దు.

కారు వయసు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల ఫీజు కాస్తా 5,000 అయింది. ఫిట్‌నెస్ కూడా నెగ్గాలి. అడుగున రేకు తుప్పుపట్టిన కారుకు మంచి ఇంజన్ వేయడం దండగ. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన కారైతే ముందు కిందకు దూరి సుత్తితో తట్టి చూడండి.

ఇక ఖర్చు. ఇంజన్ ధర ఒక్కటే లెక్కేస్తే తప్పుతారు. ఇంజన్ బయటికొచ్చాక క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, మౌంటింగులు మార్చకుండా మళ్లీ ఎక్కించడం పిచ్చిపని. వంద రూపాయల సీల్ కోసం మళ్లీ అంతా దించాలి. హోసులు, ఆయిల్, కూలెంట్, లేతు పని కూడా కలపండి. నాకైతే ఇంజన్ ధరలో సగం పైగా వీటికే అయింది.

ప్రాణానికి ప్రమాదమయ్యేవి కొన్ని ఉన్నాయి. చిన్న కారు ఇంజన్ కూడా గేర్‌బాక్సుతో కలిపితే నూరు కిలోల దాకా, అంతకు మించీ ఉండొచ్చు. దాన్ని ఎత్తడానికి మనవాళ్లు మూడు మార్గాలు వాడతారు: మామిడి కొమ్మ, సరుగుడు బాదుల ముక్కాలి, వరండా స్లాబుకున్న ఉయ్యాల కొక్కెం. మూడూ వద్దు. ఉయ్యాల కొక్కెం మీద ఇద్దరు కూర్చుంటే ఏమీ కాలేదు కదా అని మా బంధువొకరు వాదించారు. ఎప్పుడో స్లాబులో పెట్టిన ఇనుము లోపల ఎంత తుప్పుపట్టిందో ఎవరికి తెలుసు? ఒక టన్ను చైన్ బ్లాకు, దాన్ని మోసే ఇనుప ఫ్రేమ్ ఏ షెడ్డులోనో రోజుకు అద్దెకు అడగండి. వేలాడుతున్న ఇంజన్ కిందకు చెయ్యి గానీ కాలు గానీ వెళ్లకూడదు. జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు దూరకండి, ఇటుకలు పేర్చి అస్సలు దూరకండి. గట్టి నేల మీద జాకీ స్టాండ్లు పెట్టాలి.

బ్యాటరీ తీసేటప్పుడు ప్లస్ కంటే ముందు మైనస్ తీయాలి. పెట్రోల్ కారులో అంతకంటే ముందే పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపించి, బ్యాటరీ మైనస్ తీశాక పైపు విప్పాలి. లేకపోతే ఒత్తిడితో పెట్రోల్ ముఖాన కొడుతుంది. కామన్ రైల్ డీజిల్‌లో ఆ ఒత్తిడి వెయ్యి బార్ పైమాటే. నడుస్తున్న ఇంజన్ మీద ఆ పైపులకు చెయ్యి దగ్గరగా కూడా పోనివ్వకండి, డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. ఏసీ పైపులు విప్పకండి. కంప్రెసర్‌ను పైపులతో సహా పక్కకు కట్టేయొచ్చు. పారబోసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి. దానికి మూతున్న డబ్బా చూసుకోండి.

విప్పేటప్పుడు ప్రతి కనెక్టర్‌కూ ఫోన్‌లో ఫొటో తీయండి, మాస్కింగ్ టేపు మీద నంబరు రాసి రెండు వైపులా అంటించండి. ఏ భాగం బోల్టులు ఆ భాగం పేరు రాసిన సంచిలో వేయండి. తుప్పు పట్టినవాటికి ముందు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. బలవంతం చేస్తే తల విరుగుతుంది, ఆదివారం వెల్డింగ్ షాపు ఉండదు.

మొదలుపెట్టకముందే ఒక తేదీ రాసి పెట్టుకోండి. ఆ రోజుకు ఇంజన్ లోపల కూర్చోకపోతే కారును టోయింగ్ బండి ఎక్కించి షెడ్డుకు పంపేయాలి. ఆ షెడ్డు ఏదో, అలా సగం పని తీసుకుంటారో లేదో ముందే మాట్లాడి ఉంచండి. పట్టుదల పెరిగాక ఆ నిర్ణయం తీసుకోలేం. నేను తీసుకోలేకపోయాను.

అన్నీ బిగించాక తాళం తిప్పేయకండి. ఇంజన్‌నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగ బిగించారా అని మళ్లీ చూడండి. అది మర్చిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి పొగ వస్తుంది. పెట్రోల్ కారైతే ప్లగ్గులు తీసి, పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా కొంచెం కొంచెంగా సెల్ఫ్ తిప్పండి. అగ్నిమాపక సిలిండర్ ఒకటి చేతికి అందేలా ఉంచుకుని అప్పుడు స్టార్ట్ చేయండి. కూలెంట్‌లో గాలి పోయేదాకా, ఫ్యాన్ తనంతట తాను తిరిగేదాకా అక్కడే నిలబడండి. మొదటి వారం రోజులు ఊళ్లోనే తిప్పండి. రోజూ పొద్దున్నే కింద అట్టముక్క వేసి మరకలు చూడండి. మరకలు ఆగాకే హైవే ఎక్కండి.