మందు మానాలనుకునేవారికి: మీటింగ్ వెతుక్కోవడం, వెళ్లడం, కొనసాగడం

మీటింగ్ అంటే తాగుడు మానాలనుకునేవారు గ్రూపుగా కలిసి కూర్చుని తమ సంగతులు చెప్పుకోవడం. రోజూ ఎక్కువగా తాగేవారు మీటింగ్ కంటే ముందు డాక్టరును కలవాలి. ఉన్నట్టుండి మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు మతి తప్పి, లేనివి ఉన్నట్టు చూస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు ఇంట్లో సొంతంగా మానడానికి అస్సలు పూనుకోవద్దు. ఈ గండం దాటించేది ఆస్పత్రే, గ్రూపు కాదు. గ్రూపు పని ఆ తర్వాత నెలలూ ఏళ్లూ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. తాగుడు మాని నిలబడటానికి ఒక్కొక్కటిగా పాటించే దాని 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది, కానీ ఫలానా మతమని లేదు. నమ్మకం లేనివారు కూడా అందులో ఉన్నారు. ఆ పద్ధతి బొత్తిగా సరిపడకపోతే 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. అక్కడ మెట్లు ఉండవు, స్పాన్సర్లు (కొత్తవారికి దారి చూపే పాత సభ్యులు) ఉండరు, ఆలోచననూ అలవాటునూ మార్చుకునే అభ్యాసాలు నేర్పుతారు. తాగేవారి ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ వేరుగా నడుస్తుంది. ఇంట్లో మనిషి మానినా మానకపోయినా వాళ్లు అక్కడికి వెళ్లొచ్చు.

మీటింగుల జాబితా ఏఏ వెబ్‌సైటులోనూ మీటింగ్ గైడ్ అనే యాప్‌లోనూ దొరుకుతుంది. డీ-అడిక్షన్ సెంటర్ వాళ్లను అడిగినా చెబుతారు. జాబితాను మాత్రం గుడ్డిగా నమ్మకండి: చోటో సమయమో మారినా పాత వివరాలే ఉండిపోతుంటాయి. మొదటిసారి వెళ్లి తాళం వేసిన తలుపు చూసినవాళ్లు చాలామంది మళ్లీ ప్రయత్నించరు. అందుకే ముందురోజు ఫోన్ చేయండి. ఏ గేటు, ఏ అంతస్తు, ఏ భాషలో జరుగుతుంది, ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా అని అడగండి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, తోడుగా ఇంట్లోవాళ్లను తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ మానాలనుకునేవారికి మాత్రమే. ఆడవాళ్లకు విడిగా మీటింగ్ కావాలంటే అదీ అడగండి.

ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకుని వెళ్లడం తరచుగా జరిగే పొరపాటు. అలా జరిగిపోతే వెనక్కి తిరగకండి, బండి మాత్రం నడపకండి. గొడవ చేయకుండా కూర్చుంటే సాధారణంగా ఎవరూ పొమ్మనరు, కాకపోతే ఆరోజు మాట్లాడకుండా వినమంటారు.

పది నిమిషాలు ముందే చేరుకోండి. కనిపించిన ఒకరితో "ఇదే మొదటిసారి" అనండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు. మీటింగ్ గంట, గంటన్నర సాగుతుంది. ముందు ఏదో ఒకటి చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ కొన్ని నిమిషాలు తమ సంగతి చెబుతారు. మధ్యలో అడ్డురావడం, సలహా ఇవ్వడం ఉండదు. మీరు మాట్లాడితే ఎవరూ బదులివ్వకపోవచ్చు. పట్టించుకోలేదని అనుకోవద్దు, పద్ధతే అది. మీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే చాలు. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. చందా కోసం బుట్ట తిప్పితే కొత్తవారు ఏమీ వేయనక్కర్లేదు. అక్కడ విన్నది, చూసిన మొహాలు బయట ప్రస్తావించకూడదు.

అయిపోగానే లేచి వెళ్లిపోవద్దు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఓ పావుగంట ఉండి ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఆ రాత్రే ఒకరికి ఫోన్ చేసి "చేరాను, రేపు కలుస్తా" అనండి. మనసు మందు మీదికి లాగని సమయంలోనే ఇలా అలవాటు చేసుకోవాలి. ఎన్నడూ చేయని నంబరుకు, గొంతు తడారిపోతున్న వేళ చేయి వెళ్లదు.

ఒక్క మీటింగ్ చూసి తీర్పు ఇవ్వకండి. ఒక్కో గదిలో మనుషులు వేరు, వాతావరణం వేరు. కనీసం నాలుగైదు వేర్వేరు మీటింగులు చూడండి. మొదటి 90 రోజుల్లో 90 మీటింగులని ఏఏలో ఒక మాట ఉంది. అది నియమం కాదు, కానీ మొదట్లో ఎంత తరచుగా వెళితే అంత మంచిది. మీరు మామూలుగా తాగే వేళకే మీటింగ్ పెట్టుకోండి. ఊళ్లో లేని రోజుకు ఆన్‌లైన్ మీటింగ్ లింకు ముందే ఫోన్‌లో దాచుకోండి.

కొన్ని వారాలయ్యాక స్పాన్సరును అడగండి. కనీసం ఏడాదిగా మానేసి, ఆ మెట్లు తాను ఎక్కి, మీరు ఫోన్ చేస్తే ఎత్తే మనిషిని చూసుకోండి. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు అన్నది మామూలు పద్ధతి. స్పాన్సర్ డాక్టరు కాదు. తాగుడు మానడానికి డాక్టరు రాసే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రల గురించి అతను "ఆపెయ్, అదీ ఒక మత్తే" అంటే ఆ మాట వినొద్దు. ఎవరైనా అప్పు అడిగినా, కొత్తగా వచ్చినవారి మీద చనువు తీసుకున్నా గ్రూపులో పాతవారికి చెప్పండి, లేదా గ్రూపు మార్చండి.

మధ్యలో తాగడం జరిగితే తర్వాతి మీటింగుకే వెళ్లి చెప్పండి. సిగ్గుపడి రెండు వారాలు మొహం చాటేస్తే ఆ ఒక్క రాత్రి తాగుడు కాస్తా రోజూ తాగుడవుతుంది. వరసగా కొన్ని రోజులు గట్టిగా తాగి ఉంటే మాత్రం మళ్లీ ఒక్కసారిగా ఆపేయకుండా ముందు డాక్టరుకు చూపించుకోండి.